పుచ్చుకోవడం అంటే ఏమిటి? బరో పార్క్‌లో ఒక ఆదివారం

కబాలా గురించి తెలుసుకోవడానికి బ్రూక్లిన్ వెళ్ళాలనుకుంటున్నామని ఈమధ్య ఇద్దరు మిత్రులు నన్ను దారి అడిగారు. నేను వెళ్ళింది 1984లో. కబాలా యూదుల ఆధ్యాత్మిక విద్య అన్నంతవరకే అప్పుడు నాకు తెలుసు. జ్ఞానం కోసం వెళ్ళానని చెప్పుకోలేను. పక్క కుర్చీలో కూర్చునే మనిషి మీద కుతూహలం కొద్దీ వెళ్ళాను. అప్పటికి నాకు నలభై ఒకటి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ ఒక రంగుల కంపెనీలో కెమిస్టుగా పనిచేస్తున్నాను. రెండు కిడ్నీలూ పాడై ఏడాదిగా డయాలసిస్ మీద ఉన్నాను. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆఫీసు అయ్యాక నాలుగ్గంటలు ఆ మెషీన్ పక్కనే గడిచేవి. నా పక్క కుర్చీ మోరిస్‌ది. రిటైరైన దర్జీ, అరవై ఎనిమిదేళ్ళు, కూతురింట్లో ఉండేవాడు. మెషీన్ తిరుగుతున్నంతసేపూ అట్ట చిరిగిన హీబ్రూ పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని చదువుకునేవాడు.

డెట్రాయిట్‌లో ఉండే నా చెల్లెలు వసంత పరీక్షలు చేయించుకుంది. తన కిడ్నీ నాకు సరిపోతుందని డాక్టర్లు చెప్పారు. నేను వద్దన్నాను. ఆ సంగతి ఒక శుక్రవారం మోరిస్‌తో అన్నాను.

"ఎందుకు వద్దన్నావు?" అని అడిగాడు.

"దాన్ని చదివించింది నేను, పెళ్ళి చేసింది నేను. ఇవ్వాల్సినవాణ్ణి నేను. దాని ఒంట్లోంచి తీసుకుంటానా?"

మోరిస్ పుస్తకం మూసేశాడు. "కబాలా అనే మాటకి అర్థం తెలుసా నీకు?"

"తెలీదు."

"అయితే ఆదివారం నాతో రా. మా రబ్బీని, అదే మా మతగురువుని, అడుగుదువుగాని."

శనివారం వాళ్ళకు పవిత్ర దినం, ఆ రోజు ప్రయాణాలు చేయరు. ఆదివారం నాకు కష్టం. శుక్రవారం తర్వాత మళ్ళీ సోమవారం దాకా డయాలసిస్ ఉండదు కనుక ఆ రోజుకి ఒళ్ళు నీరు పట్టి, కాళ్ళు బరువెక్కి ఉండేవి. అయినా సరేనన్నాను. పొద్దున్నే నా భార్య సుశీల ఒక డబ్బా చేతికిచ్చింది. "ఒట్టి చేతులతో ఏం వెళ్తారు? సున్నుండలు పెట్టాను. చూడండీ, ట్రైన్‌లో సీట్ దొరక్కపోతే అడిగి కూర్చోండి. ఫీల్ అవకండి" అంది.

ఎడిసన్ స్టేషన్‌లో ఎనిమిదీ ఇరవైకి రైలెక్కాం. గంటలోపే మన్‌హాటన్ చేరి, పెన్ స్టేషన్ నుంచి ఒక వీధి తూర్పుకి నడిచి ముప్పై నాలుగో వీధిలో సబ్‌వే పట్టుకున్నాం. అప్పట్లో టోకెన్ తొంభై సెంట్లు, ఎంత దూరం వెళ్ళినా అంతే. ఇప్పుడు చార్జీలూ రైళ్ళూ మారిపోయాయి, దారి మాత్రం ఇంచుమించు అదే. పెట్టె లోపలా బయటా ఖాళీ లేకుండా రంగు రాతలు. సీట్లన్నీ నిండి ఉన్నాయి. మోరిస్ ఎదురుగా ఉన్న భారీ మనిషితో, "అయ్యా, నా కిడ్నీలు పనిచేయవు, నేను కూర్చోవాలి" అన్నాడు. ఆయన వెంటనే లేచాడు. "నీకూ అడగనా?" అని మోరిస్ నా వైపు చూశాడు. "నేను బాగానే ఉన్నాను" అని కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. రైలు మన్‌హాటన్ వంతెన ఎక్కింది. కింద నది మీద ఎండ మెరుస్తోంది. నేను కమ్మీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాను. బ్రూక్లిన్‌లో కొంతదూరం పోయాక ఆ రైలు వీధుల మీదుగా ఇనుప స్తంభాల పైన నడుస్తుంది. బరో పార్క్‌లో దిగేసరికి ముప్పావుగంట పట్టింది. ముప్పావుగంటా నిలబడే ఉన్నాను.

ముందురోజంతా మూసి ఉన్న దుకాణాలన్నీ ఆదివారం ఒక్కసారిగా తెరుస్తారు. నల్ల కోట్ల మగవాళ్ళు, పిల్లల బళ్ళు తోసుకెళ్తున్న తల్లులు, రొట్టెల వాసన. రబ్బీ ఇల్లు ఒక పుస్తకాల బైండింగ్ దుకాణం పైన. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి, వేళ్ళకి జిగురు మరకలున్నాయి. ఆ దుకాణమే ఆయన జీవనాధారం. భార్య పేరు హానా. నేను గుమ్మంలోనే డబ్బా అందించాను. ఆవిడ మూత తీసి వాసన చూసి, నవ్వి, మళ్ళీ నా చేతిలోనే పెట్టేసింది.

"ఎంత బావుందో వాసన! కానీ మా ఆహార నియమాల ప్రకారం బయటి వంటింట్లో చేసినవి మేం తినకూడదు. ఏమీ అనుకోకు."

ఎవరింటికీ ఉత్తచేతులతో వెళ్ళని మనిషిని. ఆ డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నా ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళాను. నలభై దాటితే గాని ఈ విద్య చెప్పరట, నిజమేనా అని మొదలుపెట్టాను. "అలా అనేవారు. ముందు కడుపునిండా బతుకు తెలియాలని. నీకు బాగానే తెలిసినట్టుంది" అన్నాడు. ఇది మంత్రవిద్యా అంటే కాదన్నాడు. నేనెన్నాళ్ళు బతుకుతానో దీంతో చెప్పగలరా అంటే, "దానికి మీ డాక్టరున్నాడుగా" అన్నాడు. మోరిస్ పకపకా నవ్వాడు.

"మా వేదాంతంలో 'నేను' అనేది పోవాలంటారు. మీరూ అహంకారాన్ని చంపమంటారా?" అని అడిగాను.

"అది పాత్ర లాంటిది, చంపితే ఆ పాత్ర పగిలిపోతుంది. పగిలిన పాత్రలో ఏం పోస్తావు? కోరిక ఉండటం తప్పు కాదు. అది ఎవరి కోసమన్నదే ప్రశ్న. కబాలా అంటే పుచ్చుకోవడం, అంతే అర్థం."

ఇచ్చిపుచ్చుకోవడం అని మా భాషలో రెండూ కలిపే అంటామని చెప్పాను. ఆయన ఆ మాట రెండుసార్లు పలికించుకుని కాగితం మీద రాసుకున్నాడు.

అంతలో హానా పళ్ళేలు తెచ్చింది. బంగాళదుంపలు, క్యారెట్ల కూర. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దండి. నాకు బోలెడు పథ్యాలు. మీకెందుకు శ్రమ?"

"మోరిస్ ఫోన్‌లో చెప్పాడు. దుంపల్ని రాత్రంతా నానబెట్టి, రెండుసార్లు ఉడకబెట్టి, నీళ్ళు పారబోశాను. ఉప్పు వేయలేదు. నువ్వు మాంసం తినవటగా, అది తగలని గిన్నెలోనే వండాను" అందావిడ.

దుంపల్లోని పొటాషియం నాలాంటి రోగులకి ప్రమాదం, దాన్ని తగ్గించడానికి మా డైటీషియన్ చెప్పిన పద్ధతి అదే. అయినా నోటివెంట మళ్ళీ "వద్దండి, పర్లేదు" అనే వచ్చింది.

రబ్బీ నా వైపు తిరిగాడు. "నీకు ఆకలిగా ఉందా?"

"ఉంది."

"అయితే ఇప్పుడు వద్దన్నది ఎవరి కోసం? ఆమె కోసం కాదు, పొద్దుటి నుంచి నిలబడి వండింది. నీ కడుపు కోసం కాదు, ఆకలేస్తోందిగా. ఇంకెవరున్నారు ఈ గదిలో?"

 నాకు కోపమొచ్చింది, ఉన్నమాట చెప్తున్నాను. "కూర సంగతి వేరు. మోరిస్ చెప్పే ఉంటాడు, నాకు కిడ్నీ ఇవ్వాలంటే నా చెల్లెల్ని కొయ్యాలి. రేపు ఉన్న ఒక్కటీ పాడైతే దాని గతేమిటి? ఆ పాపం ఎవరిది?" అని గట్టిగానే అడిగాను.

రబ్బీ తల అడ్డంగా ఊపాడు. "అది నాకు తెలియదు. ఆ మాట నీ చెల్లెలితో అన్నావా?" అన్నాడు.

"లేదు. వద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను."

"అయితే ఆమె ఏమంటుందో నువ్వింకా వినలేదు. ముందు విను. విన్నాక కూడా కాదనొచ్చు. అప్పుడు అది జవాబవుతుంది. ఇప్పుడు నువ్వన్నది తలుపు వేసెయ్యడం."

హానా పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడి ఉంది. అందుకున్నాను. ఉప్పులేని ఆ కూర రుచిగా ఉందనలేను. కానీ నేను తింటుంటే ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రెండోసారి ఆవిడ వడ్డిస్తుంటే నేను వద్దనలేదు.

రెండింటికి బయల్దేరి ఐదు కాకముందే ఇల్లు చేరాను. సాయంత్రం ఏడింటికి వసంతకి ఫోన్ చేశాను.

"నీకు భయంగా లేదా?" అన్నాను.

"ఎందుకు లేదు? చాలా స్కేరీగా ఉందన్నయ్యా. రోజూ డాక్టర్‌ని కాల్ చేసి క్వశ్చన్లు అడుగుతున్నా. నువ్వు ఒక్కటైనా అడిగావా నన్ను? నో అనేసి ఫోన్ పెట్టేశావ్. నన్ను చదివించావు, నిజమే. ఆ చదువుతోనే ఆలోచించి చెప్తున్నా కదా! నీ పెద్దరికం నిలవడానికి నువ్వు చచ్చిపోతే, నేను ఏం చేసుకోను ఆ పెద్దరికాన్ని?"

తను ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గంటన్నర మాట్లాడుకున్నాం. ఆపరేషన్ గురించి తనకు తెలిసినంత నాకు తెలియదని అప్పుడర్థమైంది. ఒక్క కిడ్నీతో ఎలా ఉంటుందో, ఉద్యోగానికి ఎన్నాళ్ళు సెలవు కావాలో, పిల్లాణ్ణి ఎవరు చూస్తారో అన్నీ కనుక్కుని పెట్టుకుంది. చివరికి, "సరేనమ్మా, ఇవ్వు" అన్నాను. నా జీవితంలో వసంతని నేను ఏదైనా అడగడం అదే మొదలు.

మార్చిలో ఆపరేషన్ అయింది. వసంత ఆరు వారాల్లో ఉద్యోగంలో చేరింది, నేటికీ ఆరోగ్యంగా ఉంది. ఆ కిడ్నీ పద్ధెనిమిదేళ్ళు పనిచేసింది. తర్వాత ఆసుపత్రి వాళ్ళ జాబితా ద్వారా మరొకటి దొరికింది. అది ఎవరిదో, ఏ ఊరి వాళ్ళదో నాకు చెప్పలేదు. మోరిస్ వయసుకి అప్పట్లో మార్పిడి చేసేవారు కాదు. ఇంకో మూడేళ్ళు అదే కుర్చీలో ఉన్నాడు. నెలకోసారి వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. కబాలా నేను పెద్దగా చదవలేదు. వాళ్ళ పుస్తకాల లోతు నాకు అందలేదు, అందిందని చెప్పను. ఇచ్చేవాడిగా ఉండటంలోనే నా అహంకారమంతా దాక్కుని ఉందన్న ఒక్క సంగతి మాత్రం ఆ ఇంట్లో బోధపడింది. అది చావలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడూ లేచి కూర్చుంటుంది. అలాంటప్పుడు "ఇది ఎవరి కోసం?" అని అడుగుతాను. ఒక్కోసారి జవాబు నచ్చదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం చీకటిపడేదాకా అక్కడ అన్నీ మూసి ఉంటాయి, అందుకని ఆదివారం పదిన్నరకి చేరేట్టు బయల్దేరండి. ఎవరింటికైనా వెళ్తుంటే ముందురోజు రాత్రి ఫోన్ చేసి, మీరేం తినగలరో, ఏం తినలేరో సిగ్గుపడకుండా చెప్పండి. అవతల వండేవాళ్ళకి అది తెలియడం అవసరం.