నూలు రంగు కాదు

సిరిసిల్లలో నూలిచ్చే ఆసాముల్లో ఐలవ్వ నోటికి జడవనివాడు లేడు. కండెలు చుట్టే చేతులకన్నా నోరే వేగం. నూలు తడిసి వస్తే, "దీన్ని పిండి చాయ్ పెట్టుకోమంటవా?" అని ఆసామి మొహం మీదే అడిగేది. కొడుకు సదానందం సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి పోతాడు. కోడలు తిరుమల బీడీలు చుడుతుంది. నాలుగేళ్ల మనవరాలు వందన పొద్దంతా నాయనమ్మ చరఖా పక్కనే.

ఆ ఏడాదంతా చరఖా మీదికి నీలం నూలే వచ్చింది. ఐలవ్వ వేళ్లు నీలం, కొంగు నీలం. పిల్ల గోళ్లూ నీలమే, పెదవులూ నీలమే. నూలుతో ఆడుకునే పిల్ల, అందులో వింతేముంది?

"మళ్ల నూలు నాకినవా, దొంగముండా?" అని వీపు మీద ఒకటి వేసి, సబ్బు పెట్టి రుద్దేది. పోకపోతే అద్దకం వాళ్లనే మెచ్చుకునేది. "రంగంటే గిట్లుండాలె. చీర చినిగినా పోదు."

పిల్లకు ఇంకో అలవాటుంది. నాలుగడుగులు ఉరికితే చాలు, ఎక్కడుంటే అక్కడ మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చుంటుంది. అంగట్లోనూ అంతే.

"జరుగుండ్రి, మా దొరసాని కూసున్నది" అని నలుగురినీ నవ్వించి, జబ్బ పట్టి లేపి నడిపించేది ఐలవ్వ.

ఓ రోజు అంగన్‌వాడీకి పిల్లలను చూడడానికి డాక్టర్ మమతారాణి వచ్చింది. వందన చేతిని పట్టుకొని వదల్లేదు.

"అవ్వా, గోళ్లు ఎప్పటిసంది గిట్లున్నయి?"

"నూలు రంగు బిడ్డా. మా ఇంట్ల అందరిదీ గిదే రంగు."

డాక్టర్ స్పిరిట్ దూదితో ముందు ఐలవ్వ వేలు తుడిచింది. దూదికి నీలం అంటింది. ఇంకో దూదితో పిల్ల వేలు తుడిచింది. దూది తెల్లగానే ఉంది.

ఐలవ్వ ఆ దూది వంకే చూసింది. "ఇంకోపారి తుడువు బిడ్డా" అంది. ఇంకోసారీ తెల్లగానే ఉంది.

డాక్టర్ పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. "ఉరికినంక గొంతుక్కూసుంటదా?"

"అయ్యో, నీకెవ్వలు చెప్పిండ్రు?"

కరీంనగర్‌లో స్కాన్ చేయించాక మమతారాణే కూర్చోబెట్టి విడమరిచింది. గుండె గదుల నడుమ గోడకు పెద్ద రంధ్రం, పొక్క, ఉంది. ఊపిరితిత్తులకు పోయే తొవ్వ ఇరుకుగా ఉంది. అందుకని చెడు రక్తం అటు పోలేక, మంచి రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోంది. ఆ నీలం దానిదే. పుట్టుకతో వచ్చింది, తల్లి చేసిన తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాలి, ఆలస్యం చేయవద్దు.

"మరి గట్ల కూసునుడేంది బిడ్డా?"

"కాళ్లు మడిస్తె ఊపిరితిత్తుల దిక్కు రక్తం జర ఎక్కువ పోతదవ్వా. పానం కుదురుకుంటది. ఎవ్వలు నేర్పలే, దానంతట అదే నేర్సుకున్నది."

ఐలవ్వ పిల్ల జబ్బ నిమిరింది. "నేను జబ్బ వట్టి లేపిన గద" అంది.

"నీకు తెల్వదు గదా. ఇగ లేపకు. నీలం ఎక్కువై రొప్పితె, మోకాళ్లు ఛాతికి ఆనిచ్చి పట్టుకో, అట్లనే దవాఖానకు ఉరుకు."

ఇంట్లో సదానందం ఒప్పుకోలేదు. "ఆడుకునే పిల్ల గుండె కోస్తరా? నాతోని సాంచాలు నడిపే జోడిదారు పిల్లకు పొక్క దానంతటదే పూడింది."

"గది సన్న పొక్క కొడుకా. గిది పూడేది కాదన్నరు."

"నీకేం తెల్సు, డాక్టరువా?" అన్నాడు. తర్వాత ఆ మాటే ఎత్తనీయలేదు. తెల్లారకముందే సాంచాలకు పోయేవాడు. తిరుమల ఏడుస్తుంటే అటు చూడకుండా చెప్పులేసుకునేవాడు.

ఆ వారంలోనే ఒకనాటి పొద్దున, పాల కోసం ఏడుస్తున్న పిల్ల ఉన్నట్టుండి నల్లబడింది. తల వేలాడేసింది. ఐలవ్వ మోకాళ్లు మడిచి ఛాతీకి అదిమి పట్టుకుంది. తిరుమల ఆటో కోసం ఉరికింది. పిల్లకు కొంచెం ఊపిరి అందగానే ఆటో ఎక్కి, దారిలో ఉన్న సాంచాల షెడ్డు దగ్గర ఆపించింది ఐలవ్వ.

నడిచే సాంచాను పోగు తెగితే తప్ప ఎవరూ ఆపరు. ఇంకొకరి సాంచా మీద చెయ్యి వేయడమంటే వాళ్ల కంచంలో చెయ్యి పెట్టడమే. ఐలవ్వ కూడా ఇన్నేళ్లలో ఆ పని చేయలేదు. పిల్లను ఎత్తుకొనే పోయి కొడుకు నడిపే సాంచాలన్నీ బంద్ చేసింది.

"అవ్వా! పిస లేసిందా నీకు?"

"ఆగుమని చెప్పు. నాకు కాదు, దీనికి చెప్పు" అని పిల్ల మొహాన్ని కొడుకు దిక్కు తిప్పింది.

సదానందం పిల్ల మొహం చూశాడు. తల నిండా దూది పీచుతోనే పిల్లను అందుకొని, మోకాళ్లు అట్లాగే పట్టుకొని ఆటోలో కూర్చున్నాడు.

"ఎటు పోవాలె?" అన్నాడు ఆటో అతను.

"దవాఖానకు" అన్నాడు సదానందం. పిల్ల మోకాళ్లు సవరించి పట్టుకొని మళ్లీ అన్నాడు. "ఆడికెల్లి హైదరాబాదుకు."