రంగూన్ దుంపలు

నిన్న బస్సులో ముందు సీటామె కొప్పులో నేలసంపెంగలున్నాయి. ఆ వాసనకి తల తిప్పుకున్నాను.

రంగూన్ మీద బాంబులు పడిన ఏడు, అక్కడ పనిచేసే నాన్న అడవి దారిన నడిచి వస్తున్నాడని కబురొచ్చింది. తొలకరికి అమ్మ అనకాపల్లిలోని మా పెరట్లో ఆనప, బీర గింజలు నాటింది. నూతి పక్కన, నాన్న కిందటిసారి తెచ్చిన నేలసంపెంగ దుంపలు పాతింది.

"ఇవి పూసీసరికి మీ నాన్న వచ్చేత్తాడే," అంది.

ఇక నేను రోజూ మధ్యాహ్నం దుంపల్ని పైకి తీసి, మొలకొచ్చిందేమో చూసి, మళ్ళీ మట్టి కప్పేదాన్ని. బీరతీగ కంచె ఎక్కింది. దుంపలు మాత్రం మెత్తబడ్డాయి.

ఒకరోజు పక్కింటి అప్పలమ్మత్త చూసేసింది.

"ఓలమ్మో, కోడిపెట్టలాగ గెలికీసేవేటే! కుళ్ళిపోనాయి సూడు. ఇంకేటి పూత్తాయి!"

నాన్న రాకుండా నేనే చేశాననుకున్నాను. కేక విని వచ్చిన అమ్మ ఆ దుంపల్నే మళ్ళీ పాతి, చెంబుతో నీళ్ళు పోసింది. వానలు వెళ్ళిపోయాక కూడా రోజూ పోసింది. కుళ్ళాయని ఆమెకి తెలియలేదేమో అనుకున్నాను, కానీ చెప్పడానికి భయపడ్డాను.

నాన్న రాలేదు.

దుంపలు కుళ్ళాయని అమ్మకి తెలుసు. ఆయన కోసం చేయడానికి ఇంకేమీ లేకనే నీళ్ళు పోసిందని ఇన్నేళ్ళకి అర్థమవుతోంది.