పసుపు పూసిన అధ్యాయం

ఈ ఉదయం మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, నీకు అర్థమైతే ఇంకెవరికైనా అర్థమైనట్లే, చూడు" అంది. తను పాఠాలు చెప్పే కాలేజీలో పరిశోధన చేసే పిల్లలు, రాసిన అధ్యాయాలను ఆన్‌లైన్‌లోనే గైడుకు పంపడానికీ, ఆయన దిద్దుబాట్లు పక్కనే చూసుకోవడానికీ తను తయారుచేస్తున్న ఏర్పాటు అది. ప్రతి అధ్యాయం పైనా రాసినవాళ్ళ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కూడబలుక్కుని చదువుతుంటే నా గుండెల మీంచి పాత బరువేదో దిగిపోయింది.

తను పీహెచ్‌డీ చేసే రోజుల్లో పగలంతా ఊరి చివర పీణ్యలో ఉద్యోగం. అందువల్ల మేముండే కాటన్‌పేట నుంచి రెండు బస్సులు మారి గైడుగారింటికి కాగితాలు మోసేది నేనే. కొత్త అధ్యాయం ఇచ్చి, ఆయన దిద్ది వసారాలో బల్ల మీద పెట్టిన పాత కట్టను వెనక్కి తేవాలి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. శుభలేఖకు పూసినట్లు కట్ట నాలుగు మూలలా పసుపు పూసేదాన్ని, శుభానికి శుభం, గుర్తుకు గుర్తు అని.

చివరి అధ్యాయాన్నీ అలాగే పసుపు చూసి తెచ్చాను. సాయంత్రం విప్పి చూస్తే అది ఇంకెవరిదో, పైన పేరు గానీ అడ్రసు గానీ లేదు! అచ్చు మళ్ళీ తీయవచ్చు గానీ ఆయన ఎర్రసిరాతో దిద్దినవి ఎక్కడ తేవాలి? ఆయన ఊరెళ్ళారు. రెండు రోజుల్లో థీసిస్ ఇవ్వకపోతే అమ్మాయి చదువు అక్కడితో ఆగినట్లే. ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే చిక్కపేట నుంచి ఒకావిడ మా కట్ట చేతబట్టుకుని, దాని మీది అడ్రసు వాళ్ళనూ వీళ్ళనూ చదివించుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏమక్కా, మా పాప రాసింది పట్టుపురుగుల మీద. దీంట్లో చూస్తే అంతా బస్సు కండక్టర్లే ఉండారంట! నువ్వూ పసుపు పూసినావా?"

"పూసినా. నీకూ చదువు రాదా?"

"వస్తే పసుపెందుకు పూస్తానక్కా!"

ఇద్దరం గుమ్మంలోనే కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. అమ్మాయి గడువులోగా థీసిస్ ఇచ్చింది. ఆ నెలలోనే నేను పేటలోని పెద్దల బడికి వెళ్ళి, అన్నిటికంటే ముందు అమ్మాయి పేరు రాయడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ తెర మీద విద్యార్థికి చోటుంది, గైడుకు చోటుంది, మధ్యలో మోసే మనిషికి లేదు. అదే మంచిది, ఏ తల్లీ నాలా ఒక రాత్రంతా కుమిలిపోనక్కర్లేదు. అయినా, పిల్లలు ఏం రాస్తున్నారో తెలియకపోయినా, ఆ రాతల బరువు చేతులకు తెలిసిన తల్లులం మేమే ఆఖరివాళ్ళమేమో.