లేని అక్కను చూడటానికి

“ఎయిర్‌పోర్టులో, నువ్వు చూడను పోయే అక్క పేరేమని అడిగితే సునంద అని చెప్పు. అక్క మొగుడికి బ్యాంకులో పని అని చెప్పు. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడొద్దు అన్నాడు ఏజెంటు. నాకు అక్కా లేదు, చెల్లీ లేదు నాయనా. రాయచోటి నుంచి మద్రాసు దాకా బస్సులో అదే చదువు. సునంద, బ్యాంకు. సునంద, బ్యాంకు. ఈడ విమానం దిగేటప్పటికి నిజంగానే నాకొక అక్క ఉండాదేమో, పూలు పెట్టుకోనొచ్చి ఎదురుగా నిలబడతాదేమో అనిపించింది.”

ఆంజనమ్మ అలా చెప్పి తనే నవ్వింది. దోహాలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా కుట్టు దుకాణం. శుక్రవారం మధ్యాహ్నాలు ఆమె అబూ హమూర్ నుంచి తన మేడమ్ వేసుకునే పొడవాటి నల్ల అబాయాలు పట్టుకుని వస్తుంది. అంచులు మడిచేదాకా ఏసీ కింద స్టూలు మీద కూర్చుంటుంది. చెప్పులు విడిచి, కాళ్ళు స్టూలు మీదికి లాక్కుని, మనిషి సగం చిన్నదైపోతుంది. నాది ప్రొద్దుటూరని తెలిసినప్పటి నుంచి, ఆ వారం కుట్టే బట్టలున్నా లేకపోయినా వస్తోంది.

మిషను మీదున్న ముజఫ్ఫర్ అలీ సాబ్ తలెత్తలేదు. పాతబస్తీ మనిషి, మాట కొంచెం కరుకు.

“ఆంజమ్మా, కథ తర్వాత చెప్పు. అంచు ఎంత మడవాల్నో ముందుగాల చెప్పు.”

“ఒక వేలు మడువు సాయిబూ.”

“నీ మేడమ్ ప్రతి నెలా పొట్టిగైతాంది.”

“ఆయమ్మ పొట్టి కాలేదు. ఎత్తు చెప్పులు మానేసింది, మోకాళ్ళ నొప్పులు.”

ఆయన మూతి బిగించి నవ్వాపుకున్నాడు. నేను ఆమెకు టీ పోసిచ్చి, మాటను మళ్ళీ ఆ అక్క దగ్గరికే తెచ్చాను. “దిగినాక ఎవరొచ్చారక్కా?”

“ఎవడో ఒకాయన. మనోడే, తెలుగే. అల్ దోహా అల్ జదీదాలో ఒక రూములో పెట్టినాడు. అప్పటికే ఆరుమంది ఆడోళ్ళుండారు. పొద్దున కారులో తీసుకోని పోయి ఒక్కొక్కరిని ఒక్కో ఇంట్లో దించేది, సాయంత్రం ఎత్తుకోని వచ్చేది. నీది విజిట్ వీసా, ఈ వారం మారుస్తా, వచ్చే వారం మారుస్తా అనేవాడు. ఒక పొద్దు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంక అంతే, ఈడి అరబ్బీ మాటలో ‘మాఫీ’, ఏమీ లేదు. మనిషి లేడు, వీసా లేదు.”

ఆ తర్వాత ఒక కుటుంబం ఆమెను తమ ఫ్లాటులోనే ఉంచుకుంది. పసిబిడ్డను చూసుకునే పని. కొట్టలేదు, తిట్టలేదు, తాము తిన్నదే పెట్టారని ఆంజనమ్మ ఇప్పటికీ ఒత్తి చెబుతుంది. భయం మాత్రం ఆమెదే. బయట ఎవరైనా బతాకా, అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, చూపించమంటే చూపించడానికి ఏమీ లేదు.

“చెత్త సంచి కిందికి తీసుకోని పోను గూడా భయమే నాయనా. ఆ ఇంట్లో బిడ్డ పాకడం నేర్చింది, నడవడం నేర్చింది. నేను మాత్రం లిఫ్టు ఎక్కలేదు.”

ఆ ఫ్లాటులో ఉండగానే ఆమె భర్త పోయాడు. ఆయన మండీలో టమోటా బాక్సులు లారీకి ఎత్తేవాడు. ఎత్తుతూ ఎత్తుతూ కూర్చుండిపోయాడట, మళ్ళీ లేవలేదట. అంత్యక్రియలు చూపించడానికి ఊళ్ళోవాళ్ళు వీడియో కాల్ పెట్టారు. బిడ్డ నిద్రలో ఉంది. ఏడుపు వినబడుతుందని ఆంజనమ్మ బాత్రూములోకి పోయి, కొళాయి తిప్పి, నేల మీద కూర్చుని చూసింది.

“మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళా వచ్చేతలికి అయిపోయింది.”

మిషను చప్పుడు ఆగింది. ముజఫ్ఫర్ అలీ సాబ్ దారం మార్చుకుంటున్నట్టు అటు తిరిగాడు.

“పోవాలని చూడలేదా అక్కా?”

“ఎట్ల పోయేది? ఎయిర్‌పోర్టుకు పోతే గడువు దాటిందని పట్టుకుంటారు, ఎన్నాళ్ళు లోపల పెడతారో తెలీదు అన్నారు. నేను లోపలుంటే ఇంటికాడ తినేదెట్ల? ఎందుకు రాలేదే అని మా అత్త, మరుదులు, అందరూ ఫోన్లో అడిగినారు. ఏం చెప్పేది? కాయితాలు లేకుండా దాక్కోని ఉండా అంటే, ఆడమనిషి యాడ దాక్కునింది, ఎవరింట్లో దాక్కునింది అంటారు. మన పక్క మాటలు నీకు తెలీవా. మేడమ్ సెలవు ఇయ్యలేదు అని చెప్పినా.”

అప్పుడు ఆమె కూతురు సుభాషిణి పదో తరగతిలో ఉంది. తండ్రి పోయాక బడి మానేసి నాయనమ్మ దగ్గర ఇంటిపనిలో పడింది. తల్లి మాట మాత్రం మనసులో ఉంచుకుంది. మేడమ్ సెలవు ఇవ్వలేదు. అంటే అమ్మ అడిగి ఊరుకుంది. అంటే అమ్మకు ఉద్యోగమే ఎక్కువ.

కరోనా తగ్గాక, కాగితాలు సరిచేసుకోమని ఇక్కడి ప్రభుత్వం గడువు పెట్టింది. తెలిసినవాళ్ళెవరో ఆంజనమ్మను ఆఫీసుకు తీసుకెళ్ళారు. అట్లా ఆమె వీసా ఇప్పటి మేడమ్ పేరు మీదికి మారింది. బతాకా చేతికొచ్చిన రోజు కావాలని లిఫ్టులో మూడుసార్లు కిందికీ పైకీ తిరిగానని చెప్పింది.

కొత్త ఇంట్లో వంట చేసేది రోవేనా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి.

“దాన్ని చూసినాక నాకు తిక్క పట్టింది నాయనా. వాళ్ళ దేశంలో పనికి పోవాలంటే ఏజెంటుకు లైసెన్సు ఉండాదా లేదా అని ముందు ఆఫీసులో చూసుకుంటారంట. ఆ ఇల్లు ఏది, ఏం పని, వారంలో ఏ పొద్దు సెలవు, అన్నీ రాసి సంతకం అయినాకనే విమానం. పోయే ముందు క్లాసు గూడా పెడతారంట. నాకూ చెప్పినారులే క్లాసు, బస్సులో. సునంద, బ్యాంకు.”

ఈసారి నవ్వలేదు.

“పోయినేడు రోవేనా వాళ్ళమ్మ చనిపోయింది. పొద్దున ఫోన్ వచ్చింది. అది ఏడుస్తానే మేడమ్ కాడికి పోయి, పోవాల అనింది. సాయంత్రానికి టికెట్టు చేతిలో పెట్టినారు. పోయి, మట్టి వేసి, మళ్ళా వచ్చి వంటింట్లో నిలబడింది. నేను ఉల్లిగడ్డలు కోస్తా అట్లే చూస్తాండా. ఇంతేనా? పోవాల అంటే పోయేదేనా?”

టీ చల్లారిందని ఇంకో గ్లాసు పోశాను. ఆమె తాగలేదు, అరచేతుల మధ్య పట్టుకుంది.

అసలు సంగతి అప్పుడు బయటపెట్టింది. సుభాషిణి వస్తోంది. అదే ఏజెంటు, అదే విజిట్ వీసా, ఈ నెలాఖరుకు విమానం.

“వానికి ఫోన్ చేసి తిట్టినా. ఏమన్నాడో తెలుసా? ‘ఈసారి అబద్ధం గూడా లేదు కదక్కా. మా అమ్మను చూడను పోతాండా అంటాది, నిజమే కదా’ అన్నాడు.”

ఆంజనమ్మ ఊరికే కూర్చోలేదు. సరైన దారి ఏదో ఎంబసీకి పోయి అడిగి వచ్చింది. ముప్పై ఏళ్ళు నిండని ఆడపిల్లను మన దేశం ఇంటిపనికి ఇక్కడికి పంపదు. పది పాసైతే పాస్‌పోర్టు ‘వలస అనుమతి అక్కర్లేదు’ అనే రకంది వస్తుంది, లైసెన్సున్న ఏజెంటు ద్వారా వేరే పని చూసుకోవచ్చు. బడికి పోకపోయినా ఓపెన్ స్కూల్లో పరీక్ష రాయవచ్చు. ఇదంతా కూతురికి చెప్పింది.

“ఏమనింది?”

“‘నాయన పోయినప్పుడు రానిదానివి, ఇప్పుడు నేను వస్తానంటే పది రాయమంటావా? నేనొస్తే నీకేం అడ్డమమ్మా?’ అనింది. ఫోన్ పెట్టేసింది. రెండేండ్ల కింద సెలవు మీద పోయినప్పుడు గూడా అన్నం పెట్టింది, నా ఎదురుగా కూర్చోలేదు.”

బయట మేడమ్ వాళ్ళ డ్రైవర్ హారన్ కొట్టాడు. ముజఫ్ఫర్ అలీ సాబ్ అబాయాలు మడిచి కవరులో పెట్టి తనే లేచి తెచ్చిచ్చాడు. ఎప్పుడూ కూర్చున్న చోటి నుంచే విసిరేసే మనిషి.

నేను బుధవారం ఊరికి పోతున్నానని ఆంజనమ్మకు తెలుసు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, తలుపు దగ్గర ఆగింది.

“ఖర్జూరం, సబ్బులు, ఏమైనా పంపుతావా అక్కా? బ్యాగులో చోటుంది.”

“ఏమీ వద్దు. మా ఇంటికి పో, అంతే. పోతానే నా బిడ్డ అన్నం తినమంటాది, తిను, వద్దనొద్దు. తిన్నాక దాన్ని కూర్చోబెట్టి, ఇయ్యాల నేను చెప్పిందంతా చెప్పు. వాళ్ళ నాయన పోయిన పొద్దు మీ అమ్మకు ఏ మేడమూ లేదు, సెలవు అడగను మనిషే లేదు అని చెప్పు. దాక్కోని ఉండాది అనే చెప్పు, దాచొద్దు. వాళ్ళ నాయనమ్మ వింటే విననీ. నేను చెప్తే ఇప్పుడు కతలు అల్లతాండావు అంటాది నాయనా. నువ్వు చెప్పు.”

డ్రైవర్ మళ్ళీ హారన్ కొట్టాడు. ఆమె అటు చూడలేదు.

“నన్ను ఎంత తిట్టినా తిట్టనీ. ఆ విమానం మాత్రం ఎక్కనీయొద్దు.”