సెవెన్ సిస్టర్స్ సుద్ద కొండల కింద, అత్తమ్మతో

మా అత్తమ్మ పుట్టిల్లు మేడ్చల్ దగ్గర. ఒకప్పుడు అక్కడంతా ద్రాక్ష తోటలే. పెళ్లయ్యేదాకా ఆమె వాళ్ల నాన్న వేసిన పందిళ్ల కింద తీగలు కడుతూ, కొమ్మలు కత్తిరిస్తూ పెరిగింది. తర్వాత ఆ తోటలన్నీ ప్లాట్లయ్యాయి. 2018 వేసవిలో ఆరు నెలల వీసా మీద లండన్ పక్కనున్న స్లౌలోని మా ఫ్లాట్‌కి వచ్చినప్పుడు, ఇంగ్లండ్‌లోనే పండిన ద్రాక్షతో వైన్ చేస్తారని నేను మాటవరసకు చెప్తే అస్సలు నమ్మలేదు. "గీ చలి దేశంల ద్రాక్ష ఎట్ల కాస్తది బిడ్డా? నాకు సూపియ్యి" అంది. ఆమె అప్పటిదాకా సముద్రం కూడా చూడలేదు. రెండూ ఒకే చోట ఉన్నది దక్షిణాన ససెక్స్ తీరంలో. మా ఆయన సురేష్‌కి ఆ శనివారం బ్రాక్‌నెల్ ఆఫీసులో డ్యూటీ పడటంతో మేమిద్దరమే బయలుదేరాం.

ఉదయం ఏడింటికి స్లౌలో రైలెక్కి, ప్యాడింగ్టన్‌లో దిగి, ట్యూబ్ రైల్లో విక్టోరియా చేరి, అక్కడి నుంచి లూయిస్ మీదుగా బెర్విక్ అనే చిన్న స్టేషన్‌లో దిగేసరికి పదవుతోంది. టికెట్లు ముందే కొనుక్కుంటే మనిషికి ముప్పై పౌండ్ల లోపే వస్తాయి. బెర్విక్‌లో స్టేషన్ బయట టాక్సీలు దొరకవు, ముందురోజే ఫోన్ చేసి చెప్పుకోవాలి. మాకు వచ్చిన డ్రైవర్ పేరు కీత్. అరవై ఏళ్లుంటాయి. కొండవాలులో ఉన్న ద్రాక్ష తోటకి పది నిమిషాల్లో చేర్చాడు.

అక్కడ తోట చూపించి, మూడు రకాల వైన్ రుచి చూపించడానికి మనిషికి పదిహేను పౌండ్లు తీసుకున్నారు. పందిళ్లు లేవు. ద్రాక్ష తీగలన్నీ నడుమెత్తు ఇనుప కంచెల మీద బారులు తీరి నిలబడి ఉన్నాయి. అత్తమ్మ ఒక కొమ్మని పట్టుకుని కణుపులు లెక్కపెట్టి, "మస్తు కత్తిరించిన్రు. చేతనైనోళ్లే" అంది. ఆ మాట ఇంగ్లీషులో చెప్తే తోట చూపిస్తున్నామె పొంగిపోయింది. వసంతంలో మంచు పడే రాత్రులు చిగుళ్లు మాడిపోతాయని, అందుకే వరసల మధ్య పెద్ద పెద్ద కొవ్వొత్తులు వెలిగించి తెల్లవార్లూ కాపలా ఉంటామని చెప్పింది. "మాకు రాళ్లవాన భయముండె" అంది అత్తమ్మ. నురగలు కక్కే వైన్ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించి, "కల్లు నయం" అంటే అందరం నవ్వాం. ఆ రోజు మేము నవ్వింది అక్కడే.

ఒంటిగంటన్నరకి కీత్ మళ్లీ వచ్చి మమ్మల్ని బర్లింగ్ గ్యాప్ తీసుకెళ్లాడు. ఇరవై పౌండ్లయింది. సముద్రపు ఒడ్డున గోడలా నిలువుగా లేచిన తెల్లటి సుద్ద కొండలు వరసగా ఏడు. అందుకే వాటిని సెవెన్ సిస్టర్స్ అంటారు. కొండ మీద నుంచి కిందికి దిగడానికి ఇనుప మెట్లున్నాయి. "మూడింటికల్లా పైకి వచ్చేయండి" అన్నాడు కీత్. నేను తల ఊపాను. ఆయన ఆ తర్వాత కూడా ఏదో చెప్పాడు కానీ, అత్తమ్మ అప్పటికే సముద్రం వైపు నడుస్తోంది. మూడనేది మమ్మల్ని మళ్లీ ఎక్కించుకునే టైమ్ అనుకున్నాను.

తెచ్చుకున్న పులిహోర మెట్ల దగ్గర కూర్చుని తిన్నాం. ఎండ చుర్రుమంటోంది. నీళ్లు చాలా దూరంలో ఉన్నాయి. కొండల అడుగున, రాళ్ల మీదుగా పడమటి వైపు నడవడం మొదలుపెట్టాం. మాకంటే ముందు నలుగురైదుగురు నడుస్తుండటం చూసి ధైర్యం వచ్చింది. వాళ్లెప్పుడు వెనక్కి వెళ్లిపోయారో నేను చూడలేదు. అత్తమ్మ గవ్వలు ఏరుతోంది, నేను ఫోటోలు తీస్తున్నాను. ఆమె మోకాళ్లు నొప్పి పుట్టి ఒక రాయి మీద కూర్చున్నప్పుడు, పై నుంచి పిడికెడంత సుద్ద గడ్డ మాకు రెండడుగుల దూరంలో పడి పొడిపొడి అయింది. తలెత్తి చూశాను. కొండ అంచు మా నెత్తి మీదికి వంగి ఉన్నట్టు అనిపించింది. "పోదాం అత్తమ్మా" అన్నాను.

వెనక్కి తిరిగి చూస్తే దారి లేదు. వచ్చేటప్పుడు కొండ ఒకచోట ముందుకి పొడుచుకొచ్చిన మూలని పొడి రాళ్ల మీద దాటాం. ఇప్పుడు అలలు నేరుగా ఆ మూలకి కొట్టుకుంటున్నాయి. మెట్లు దానికి అవతల ఉన్నాయి. ఇవతల మేము నిలబడిన రాళ్ల పట్టీ పది అడుగుల వెడల్పు కూడా లేదు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. టైమ్ మూడుంబావు. గట్టిగా అరిచాను. అలల హోరులో నా గొంతు నాకే వినపడలేదు.

అత్తమ్మ నా మొహం చూసి సంగతి అర్థం చేసుకుంది. "నీళ్లు పెరుగుతున్నయా?"

"పెరుగుతున్నయి."

"నువ్వు ఉరుకు. నాకు మోకాళ్లు పట్టేసినయి. నువ్వు పోయి ఎవలనన్న తోల్కరా."

ఆమె అది మామూలుగా, బజారు నుంచి కూరగాయలు తెమ్మన్నట్టు చెప్పింది. సముద్రం కంటే ఆ గొంతు నన్ను ఎక్కువ భయపెట్టింది. నేను తిరిగొచ్చేసరికి ఆ రాయి మీద ఆమె ఉండదని నాకు తెలుసు. "ఒక్కదాన్నే పోను" అన్నాను. ఏడుస్తూ అన్నాను.

ఆమె రాయి మీద చెయ్యి ఆనించింది. లేచి, చీర కుచ్చిళ్లు కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి, తోటలో పనికి దిగినట్టు కాసె పోసుకుంది. నా చున్నీతో నా మణికట్టు, ఆమె మణికట్టు కలిపి కట్టాను. మూల దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు మోకాళ్లు దాటాయి. వేసవి ఎండలో కూడా ఆ నీళ్లు ఎముకల్ని కొరికాయి.

అప్పుడు అవతల నుంచి ఎవరో అరవడం వినిపించింది. ఛాతీదాకా రబ్బరు బట్టలు వేసుకున్న ముసలాయన ఒకడు, గాలం పడేసి నీళ్లలోకి దిగి వస్తున్నాడు. చెయ్యెత్తి ఆగమన్నాడు. "పెద్ద అల పోనివ్వండి! నేను చెప్పేదాకా కదలొద్దు!" ఒక అల వచ్చి మమ్మల్ని కొండకేసి నొక్కింది. నా భుజం సుద్ద రాయికి గీసుకుపోయింది. ఇంకొకటి నా నోట్లోకి, ముక్కులోకి వచ్చింది. అత్తమ్మ కాలు జారింది. చున్నీ నా చేతిని లాగేసింది. ఒక్క క్షణం ఆమె తల నీళ్ల కింద ఉంది. రెండు చేతులతో ఆమె జబ్బ పట్టుకుని లేపాను.

"ఇప్పుడే! రండి!"

నడుము లోతు నీళ్లలో పన్నెండు అడుగులు వేసి ఉంటామేమో. ఆయన చెయ్యి అందింది. ఆమెని దాదాపు ఎత్తుకున్నట్టే మూల దాటించాడు.

మెట్ల దగ్గర కూలబడ్డాక ఆయన నన్ను కోపంగా చూశాడు. "నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో పైన బోర్డు ఉంది. చదవలేదా?" నేను తల దించుకున్నాను. ఆయన తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి అత్తమ్మ చేతికిచ్చాడు. సగం ఆమె ఒళ్లోనే ఒలికింది. మూత కింద పెట్టి ఆయనకి దండం పెట్టింది. ఆమె చెప్పులు రెండూ పోయాయి, కాలి వేళ్ల నుంచి రక్తం వస్తోంది. కీత్ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా సీటు మీద దుప్పటి పరిచాడు. ఈస్ట్‌బోర్న్ స్టేషన్‌లో దింపేటప్పుడు మాత్రం, "మూడు తర్వాత నీళ్లు దారి మూసేస్తాయని చెప్పానమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చాక అత్తమ్మే సురేష్‌కి అంతా చెప్పింది. "నీ పెండ్లాం నా చెయ్యి ఇడ్వలే రా" అంది. అతను నా వైపు మెచ్చుకోలుగా చూసిన చూపు నేను తట్టుకోలేకపోయాను. డ్రైవర్ చెప్పింది నేను వినలేదని, బోర్డు చదవలేదని, ఆమెని అక్కడికి తీసుకెళ్లింది నేనేనని చెప్పాను. అత్తమ్మ లేచి నా పళ్లెంలో అన్నం పెట్టింది.

ఆ కొండల్ని తిట్టను. అంత తెలుపు, అంత వెలుగు నేనెక్కడా చూడలేదు. మీరూ వెళ్లండి, ద్రాక్ష తోటలూ చూడండి. కానీ నా భయం పోలేదు, పోవాలని కూడా నేను కోరుకోవడం లేదు. మన ఊళ్లలో వాన వస్తే ముందు ఉరుముతుంది. ఆ సముద్రం అలా ముందుగా ఏ హెచ్చరికా చెయ్యలేదు. నేను ఫోటోలు తీసుకుంటుంటే, ఎండలో మెరుస్తూ, మెల్లగా నా వెనక తలుపు వేసింది. చేతిని చున్నీ లాగేసిన ఆ క్షణం ఇప్పటికీ నా మణికట్టుకి గుర్తుంది.

వెళ్లేవాళ్లకి ఒక్కమాట: బయలుదేరే రోజు పొద్దున్నే ఆ తీరానికి ఆటుపోట్ల వేళలు చూసుకోండి. నీళ్లు వెనక్కి తగ్గుతున్నప్పుడే కొండల కిందికి దిగండి, అవి తిరిగి పెరగడం మొదలయ్యే టైమ్‌కి మెట్లు ఎక్కేసి ఉండండి. ఆ వేళ దాటిపోతే కొండ పైన గడ్డిలో నడవండి, అంచుకి దూరంగా. అక్కడి నుంచి కూడా సముద్రం అంతే నీలంగా కనిపిస్తుంది.