వద్దన్నదాంక రమ్మన్నట్టే

మా చిన్నబిడ్డకు కంప్యూటర్ నేర్పిన తాండూరు సారు పోయిండ్రు. ఆ కబురొచ్చినప్పుడు నేను అనంతగిరి కింద మేకలు మేపుతున్న. ఫోన్ల బిడ్డ "నాయినా, సారు..." అని ఆగింది. నాకు సమజైంది. మేకలు ఎవరి చేన్ల పడ్డయో గూడ చూసుకోలె.

నేను బడికి పోయింది తక్కువ. తప్పులుంటే మీరే సర్దుకోవాలె. చావు సంగతి చెప్పుకుంట సంబురపడుడేందని తిట్టకుండ్రి. గసొంటి మనిషి మా బిడ్డకు దొరికిండ్రని తలుచుకుంటే సంబురం నా గుండెల పట్టదు.

మా బిడ్డ వికారాబాద్‌ల రైలెక్కి తాండూరు పోయి సారు ఇంట్ల నేర్చుకునేది. కూసునేముందు సారు కీబోర్డును దస్తీతోని తుడిచేటోళ్లు, అన్నం తినే పళ్లెం తుడిచినట్టు. తెర మీద తప్పయిందని ఎర్రక్షరాలొచ్చి ఈమె పరేషానైతే, "మిషన్‌ను తిట్టకు బిడ్డా, అది చాడీలు చెప్తలేదు, ఉన్నది చెప్తున్నది" అనేటోళ్లు.

ఓసారి నేను సజ్జరొట్టెలు పట్టుకపోయిన. ఇద్దరూ ప్యాకేజీ, ప్యాకేజీ అని మస్తు కొట్లాడుతున్నరు.

ప్రాజెక్టు కింద భూములు పోయినోళ్లకు సర్కారిచ్చే ప్యాకేజీ అనుకొని, "ఏ ఊరి భూములు పోతున్నయి సార్?" అన్న.

సారు నవ్వి నవ్వి కుర్చీల వెనుకకు ఒరిగిండ్రు. "భూములు కాదన్నా, కూసో" అని ఇవరంగ చెప్పిండ్రు. లినక్స్ అని కంప్యూటర్ నడిపించే సిస్టం ఒకటుంటదట. అందుల ఒక్కో ప్రోగ్రామును ప్యాకేజీ అంటరు, దాన్ని చూసుకునేతందుకు ఒక మనిషుంటడు. తెలుగు టైపు చేసే ప్యాకేజీని సారు చూసుకుంటున్నరు. సిస్టం కొత్తగ వచ్చినప్పుడల్ల పాత ప్యాకేజీ దానంతటదే రావాల్నా, అడిగితేనే రావాల్నా? అది ముందుగాలనే ఖాయం చేసి పెట్టాలట. దాన్నే డీఫాల్ట్ అంటరు. అడిగితేనే రావాలని బిడ్డ, దానంతటదే రావాలని సారు.

"విరిగి వస్తే ఎట్ల సార్?" అంటది ఈమె.

"విరిగితే బాగుచేద్దాం. అసలు రాకుంటే విరిగిందని గూడ ఎవ్వలకు తెల్వది. పిలిస్తే వచ్చేటోడు చుట్టం బిడ్డా. ఇంటోడిని ఎవలు పిలుస్తరు? మన కంప్యూటర్ల తెలుగు చుట్టమా, ఇంటిమనిషా?"

నేను ఆయన మొఖమే చూస్కుంట కూసున్న. ఎవరికి తెల్వని ఊర్లల్ల, ఎవరివో మిషన్లల్ల మన అక్షరాలు పిలువకున్నా పోయి నిలబడాలని ఈ మనిషి తాండూరుల కూసొని ఫికర్ చేస్తున్నరా!

సారు పోయినంక కొత్త సిస్టం వచ్చే దినం, రిలీజంటరు, దగ్గరపడ్డది. చూసుకునే మనిషి లేని ప్యాకేజీని తీసేస్తరట. "ఇగ నేను చూసుకుంట" అని బిడ్డ ఆ సిస్టం నడిపించేటోళ్లకు రాసింది, సరేనన్నరు. సారు పెట్టిన డీఫాల్ట్‌తోని ప్యాకేజీ దానంతటదే కొత్తదాంట్లకు వచ్చింది. కానీ వత్తులన్ని అక్షరాల కింద నుంచి జారి పక్కకు పడుతున్నయి. "మంచిదే నాయినా, వచ్చింది గనుక కనపడ్డది" అని కండ్లు తుడుచుకొని కూసున్నది. బాగుచేసిందాంక లేవలె. నా బిడ్డ!

కొత్త సిస్టం మొదలు సారు ఇంట్లనే ఎక్కిద్దామని ఇద్దరం పోయినం. "అమ్మా, ఏదన్న ఒక ముక్క రాయుండ్రి" అని బిడ్డ సారు భార్యను కూసోబెట్టింది. ఆమె సారును దినాం అడిగే మాటనే ఒక్క వేలుతోని, ఒక్కో అక్షరం వెతుక్కుంట కొట్టింది.

"తిన్నరా?"

న కింద న వత్తు చక్కగ అతుక్కొని నిలబడ్డది. దాని పక్కన సన్నగీత ఒకటి ఆరుకుంట, వెలుగుకుంట ఉన్నది. ముగ్గురం దాన్నే చూస్కుంట కూసున్నం.