మల్లేశన్న తొట్టిలో కందిపొట్టు

2022 వానాకాలం. హైదరాబాద్ సైదాబాద్‌లో ఒక చిన్న ఫీడ్ ల్యాబ్‌లో అప్పటికే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కోళ్లకు, పశువులకు, చేపలకు వేసే మేతలో ఏముందో పరీక్షించి చెప్పడం మా పని. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, రోజంతా పీల్చేది యాసిడ్ వాసన.

ఒకరోజు గౌలిపుర నుంచి మల్లేశన్న వచ్చాడు, చేతిలో తడి మేత ముద్ద ఉన్న క్యారీబ్యాగ్‌తో. తాతల నాటి నుంచి వాళ్లది పాల వ్యాపారం. చుట్టూ ఇళ్లు పెరిగి, వాసనంటూ పక్కింటివాళ్ల గొడవ ఎక్కువై, చివరికి ఒక్క గేదె మిగిలింది. ఖాళీ అయిన కొట్టంలో సిమెంటు తొట్లు కట్టి తిలాపియా చేపలు వేశాడు. కొట్టం బిల్డరుకు ఇచ్చేద్దామంటున్న అన్నలను, మొదటిసారి చేపలు పట్టేదాకా ఆగమని బతిమాలుకున్నాడు. చేపలు ఎదగకపోతే కొట్టం పోతుంది.

"మేడం, మస్తు తింటున్నయి. పెండ గూడ మస్తు పెడుతున్నయి. గని పెరుగుతలేవు. ఏంది కథ?"

"ఏం పెడుతున్నరన్నా?"

"కంపెనీ మేత సగం, కందిపొట్టు సగం. పొట్టు బేగంబజార్ కెళ్లి నేనే తెస్త. పొట్టు లేంది బలం యాడికెళ్లి వస్తది మేడం?"

ఆ ముద్దకు క్రూడ్ ఫైబర్ పరీక్ష చేశాను. అంటే మేతలో పీచు ఎంతుందో చూడటం. ముందు యాసిడ్‌లో, తర్వాత ఆల్కలీలో మరిగిస్తాం. కరగకుండా మిగిలేది చాలావరకు పీచే. ఆ రోజు మిగిలింది చూస్తే నాకే భయమేసింది. అది చేపల మేత కాదు, పశువుల దాణా.

గేదె కడుపులో పీచును పులియబెట్టి అరిగించే సూక్ష్మజీవులు ఉంటాయి. చేప పొట్టలో అంత ఏర్పాటు లేదు. కాస్త పీచైతే ఫరవాలేదు. ఎక్కువైతే తిన్నది తిన్నట్టే బయటకొచ్చి, తొట్టి అడుగున కుళ్లుతూ నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. మల్లేశన్న మురిసిపోతున్న ఆ పెండే ఆయన చేపల ఊపిరి తీస్తోంది.

పొట్టు ఇవాళే ఆపమని, అడుగు శుభ్రం చేసి నీళ్లు మార్చమని చెప్పాను. నవ్వాడు.

"పుట్టినకాడికెళ్లి పెండ చూసే పశువు పాణం ఎట్లున్నదో చెప్తున్న మేడం. పెండ మంచిగ పడ్డదంటే అది మంచిగున్నట్టే."

"అది పశువు కాదన్నా, చేప."

"నోరున్నదంతా పశువే మేడం."

నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు. చేపల పెంపకం శిక్షణ అని పిలిచినవాళ్లు నెత్తిన టోపీ పెట్టి, పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుని, తవుడూ పొట్టూ కూడా కలుపుకోవచ్చని చెప్పి పంపారట. ఎంత కలపాలో చెప్పడానికి మాత్రం వాళ్లకు నోరు పెగల్లేదు. మేత బస్తా మీద ప్రోటీన్ అన్న మాట బస్తా అంత ఉంటుంది. ఫైబర్ సంగతి భూతద్దంతో వెతుక్కోవాలి.

ముసురు పట్టిన వారంలో ఆయన ఫోన్ చేశాడు. "మేడం, అన్నీ మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయి." నేను వెళ్లేసరికి చేపలు తెల్లటి పొట్టలతో తేలిపోయి ఉన్నాయి. చలికి తట్టుకోవాలని, గేదెలకు పెట్టినట్టే, ముందురోజు రాత్రి ఇంకో రెండు ముద్దలు ఎక్కువ వేశాడట. ప్రేమతో వేశాడు.

అన్నలిద్దరూ అప్పటికే టేపు పట్టుకుని కొట్టం కొలుస్తున్నారు. మల్లేశన్న వాళ్లవైపు చూడలేదు. మిగిలిన మేత బుట్టను తీసుకెళ్లి గేదె ముందు పెట్టాడు. అది బుట్ట అడుగు నాకేదాకా తింది.

"చూడున్రి మేడం, ఎంత మంచిగ తిన్నదో. దీంట్ల తప్పేమున్నది?"

ఆ మేతలో తప్పేమీ లేదు మరి.

ఇప్పుడు ఎవరు చేపల మేత తెచ్చినా, పరీక్ష కన్నా ముందు ఒక మాట అడుగుతాను: "ఇంతకుముందు ఏం పెంచిండ్రు?" బర్రెలని చెప్తే కూర్చోబెట్టి, గొడవపడైనా సరే, పొట్టు మాన్పించి పంపిస్తాను. మల్లేశన్న దగ్గర ఆ గొడవ పడలేదు, చెప్పి ఊరుకున్నాను. కొట్టం ఉన్నచోట ఇప్పుడు ఫ్లాట్లు లేచాయి. ఆ గేదె ఏమైందో అడగడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలడం లేదు.